పద్దెనిమిది నిండిన ఫోస్టర్ బిడ్డ ఎవరి ఇంటి మనిషి?

పదమూడో ఏట బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో పిల్లల హోమ్ నుంచి ఒక కుటుంబంలోకి ఫోస్టర్ బిడ్డగా, అంటే దత్తత లేకుండా పెంపకానికి మాత్రమే, వచ్చానని, ఇటీవల పద్దెనిమిది నిండడంతో ఆ ఉత్తర్వు గడువు తీరిపోయిందని, వాళ్లు ఉండమంటున్నా ఆ ఇంట్లో ఇప్పుడు తానెవరో తెలియడం లేదని, కన్నవారిని వెతకాలని ఉన్నా అది పెంచినవారికి ద్రోహమేమోనని భయంగా ఉందని మీరు రాశారు. నేను కూడా హోమ్‌లో పెరిగి, హైస్కూలు వయసులో ఒక టీచరు దంపతుల ఇంటికి వచ్చినదాన్ని. వారిని పిన్ని, బాబాయి అని పిలుస్తాను. అప్పటికి నేటి చట్టం లేదు. కమిటీ ఇచ్చిన ఒక్క కాగితమే మా మధ్య ఉన్న ఆధారం. ఇప్పుడు నాకు పెళ్లయి, ఒక పాప ఉంది. నా అనుభవం మీద చెప్పగలిగినది ఇది: కన్నవారిని వెతకడం కాగితాల్లో జరిగే పని, ఒక ఇంటి మనిషి కావడం ఆ ఇంట్లోనే జరిగే పని. ఈ రెండింటినీ ఒకదాని మీద ఒకటి ఆధారపడేలా చేసుకుంటే రెండూ చెడతాయి.

చట్టం సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ మీకు ఊరట తక్కువ. 2015 బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ కింద జరిగే ఫోస్టర్ కేర్ బిడ్డకు పద్దెనిమిదేళ్లు వచ్చేవరకే. రెండేళ్లు పెంచిన కుటుంబం ఆ బిడ్డను దత్తత తీసుకునే వీలును 2024 మార్గదర్శకాలు కల్పించాయి (అంతకుముందు అయిదేళ్లు ఆగాల్సి వచ్చేది), కానీ అది బిడ్డ మైనరుగా ఉన్నప్పుడే. 1956 హిందూ దత్తత చట్టం ప్రకారమైనా, ఆచారం ఉంటే తప్ప, పదిహేనేళ్లు నిండినవారిని దత్తత తీసుకోవడం కుదరదు. కాబట్టి మీరు ఇకపై వారికి చట్టరీత్యా కొడుకో కూతురో కాలేరు. వారి ఆస్తిలో మీకు వారసత్వంగా హక్కు రాదు. వారు తమ స్వార్జితాన్ని వీలునామా ద్వారా మీకు ఇవ్వాలనుకుంటే ఎవరూ అడ్డుపెట్టలేరు, అది వేరే మాట. చట్టం చెప్పగలిగింది ఇంతే. మీరు అడుగుతున్నది ఇది కాదని నాకు తెలుసు.

మన దగ్గర ఒక మనిషి ఎవరి మనిషో తేలేది కోర్టుల్లో కాదు, శుభాశుభాల్లో. నేను వచ్చిన కొత్తలో గుడికి వెళితే, అర్చన చేయించేటప్పుడు పంతులు గారు గోత్రం అడిగేవారు. హోమ్‌లో మాకు కాశ్యపస గోత్రం అని చెప్పమని నేర్పారు, గోత్రం తెలియనివారికి అదే చెబుతారని. బాబాయి మొదటిసారి నా పేరును తమ గోత్రంతో చదివించినప్పుడు నాకు సంతోషం కలగలేదు, అబద్ధం చెబుతున్నారేమోనన్న బెరుకు కలిగింది. పెళ్లిళ్లకు వెళితే "ఈ అమ్మాయి మీకేమవుతుంది?" అనేవారు. పిన్ని "మా అమ్మాయే" అనేది. అడిగినవారు నవ్వి, పక్కకు వెళ్లి ఇంకొకరిని అడిగేవారు. మీకూ ఇది ఎదురయ్యే ఉంటుంది. దీన్ని ఆపడం ఎవరి తరమూ కాదు, కులం తెలియని మనిషి ఎదురుగా కూర్చుంటే కొందరికి అన్నం సహించదు.

నాకు స్థిమితం చిక్కింది నాయనమ్మ, అంటే బాబాయి వాళ్లమ్మ, పోయినప్పుడు. దినవారాల ఏర్పాట్లు మాట్లాడుకుంటూ దగ్గరి బంధువు ఒకావిడ, "ఈ పిల్లకు మైల లేదుగా, దీపం ఈమె చేత పెట్టించండి" అంది. ఆవిడ మంచి ఉద్దేశంతోనే అంది, పైగా శాస్త్రప్రకారం ఆవిడ మాటే సరి. పిన్ని వంటింట్లోంచి వచ్చి, "దానికీ మైలే. పది రోజులూ దేవుడి గదిలోకి వెళ్లదు" అని చెప్పి మళ్లీ పనిలోకి వెళ్లిపోయింది. మైల పాటించడం మీద నాకు ఇప్పుడు పెద్ద నమ్మకం లేదు. అయినా అంతకుముందు ఎన్నోసార్లు విన్న "నువ్వు మా పిల్లవే" అనే మాట చేయలేని పని, ఆ గదిలోకి వెళ్లొద్దన్న మాట చేసింది. వేడుకలో కలుపుకోవడం చుట్టాలకూ జరుగుతుంది. నిషేధాలు మాత్రం ఇంటివారికే వర్తిస్తాయి. మీ ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా తిడుతున్నారా, పనులు చెబుతున్నారా, ఆలస్యంగా వస్తే లెక్క అడుగుతున్నారా అన్నది గమనించండి. మీ ప్రశ్నలో ఒకచోట, పరీక్ష తప్పినా మిమ్మల్ని ఏమీ అనలేదని మెచ్చుకోలుగా రాశారు. నేనైతే దాని గురించే కొంచెం ఆలోచిస్తాను. వారూ మీ దగ్గర భయంతోనే మసలుకుంటున్నారేమో.

అమ్మా నాన్నా అని పిలవలేకపోతున్నానని కూడా బాధపడ్డారు. నేను ఈనాటికీ పిన్ని, బాబాయి అనే పిలుస్తాను. నా కన్యాదానం చేసింది పిన్నీ బాబాయే, శుభలేఖలో వారి పేర్లే వేయించారు, నా పాపకు వారు అమ్మమ్మా తాతయ్యా. నా పిలుపు మారకపోవడం వల్ల ఇందులో ఏదీ ఆగలేదు.

ఇక కన్నవారిని వెతకడం. మీకు ఆ హక్కు ఉందా లేదా అన్న సందేహమే వద్దు. దత్తతకు వెళ్లినవారికి కారా (దత్తతలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) నిబంధనల్లో మూలాలు వెతుక్కునేందుకు ఒక దారి ఉంది: పద్దెనిమిది నిండితే తామే, నిండకపోతే పెంచుకున్న తల్లిదండ్రులతో కలిసి అర్జీ పెట్టుకోవచ్చు, వారి తరఫున మూడో మనిషి పెట్టకూడదు. కన్నవారు దొరకకపోయినా, కలవడానికి ఇష్టపడకపోయినా, బిడ్డను ఏ పరిస్థితుల్లో అప్పగించారో చెప్పాలని ఆ నిబంధనలే అంటాయి. మీరు దత్తతకు వెళ్లలేదు కనుక మీరు అడగవలసింది మీ సొంత ఫైలు. అది మీ ఉత్తర్వు జారీ అయిన జిల్లా బాలల సంక్షేమ కమిటీ దగ్గర, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో, మీరున్న హోమ్‌లో మూడు చోట్లా ముక్కలుగా ఉంటుంది. హోమ్‌లోని అడ్మిషన్ రిజిస్టరే అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే మిమ్మల్ని తెచ్చిన రోజున, ఎవరూ ఇంకా ఏ నిర్ణయానికీ రాకముందు రాసినది అదే.

నా ఫైలు నేను ఉద్యోగంలో చేరాక చూశాను. నన్ను విజయవాడ స్టేషన్‌లో రైల్వే పోలీసులు హోమ్‌కు అప్పగించారని మాత్రమే అంతవరకూ తెలుసు. మొదటి పేజీలో నన్ను తప్పిపోయిన పిల్లగా రాశారు: వయసు సుమారు అయిదు, తండ్రిని అయ్య అని చెబుతోంది, ఊరి పేరు చెప్పలేకపోతోంది, మాట తీరు ఉత్తరాంధ్ర వైపుది. కొన్ని పేజీల తర్వాత అదే పిల్ల విడిచిపెట్టబడిన పిల్ల అయింది. ఈ రెండు పేజీల మధ్య కొత్తగా ఎవరూ ఏమీ కనుక్కోలేదు. విచారణ గడువు ముగిసింది, ఎవరూ రాలేదు, అంతే. ఇప్పటి చట్టంలో కూడా రెండేళ్లలోపు బిడ్డల విషయంలో రెండు నెలల్లో, ఆపై వయసువారి విషయంలో నాలుగు నెలల్లో తేల్చాలనే గడువు ఉంది, అది లేకపోతే పిల్లలు ఎటూ కాకుండా హోమ్‌లోనే మిగిలిపోతారు. గడువు అవసరమే. కానీ దాని ఫలితంగా పడిన మాటను నేను చిన్నప్పటి నుంచి నిజమని నమ్మి, నన్ను వదిలేసిన వారి మీద కోపం పెంచుకున్నాను. వాళ్లు వదిలేశారో, శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో పనికోసం వస్తూ ఆ రద్దీలో నా చెయ్యి జారిందో ఫైలు చెప్పదు. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదును ఎఫ్ఐఆర్‌గా నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు చెప్పింది 2013లో. నా కాలంలో ఎవరైనా స్టేషన్‌కు వెళ్లి ఏడ్చినా అది కాగితం మీదికి ఎక్కి ఉండకపోవచ్చు.

నాకు కన్నవారు దొరకలేదు. ఆ వైపు కొన్ని ఊళ్లు తిరిగాను, కొంతమందిని అడిగాను, ఆపేశాను. పిన్నికి చెప్పే వెళ్లాను. దారికి పులిహోర కట్టి ఇచ్చింది, తిరిగొచ్చాక వారం రోజుల పాటు ఏమీ అడగలేదు. ఆవిడకు కష్టం కలిగిందా అంటే కలిగే ఉంటుంది. అది మీ ఇంట్లోనూ కలుగుతుంది, దాన్ని ద్రోహం అనుకోవలసిన పని లేదు. చెప్పకుండా వెళ్లి, మూడోవారి నోట తెలిసేలా చేయకండి, అంతవరకే.

ఫేస్‌బుక్‌లో చిన్ననాటి ఫొటో పెట్టాలనే ఆలోచన కూడా రాశారు. హోమ్‌లో మీతో ఉన్న మిగతా పిల్లలు ఆ ఫొటోలో కనబడితే పెట్టవద్దు, పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది. డబ్బు తీసుకుని కన్నవారిని చూపిస్తామనే వారిని దగ్గరకు రానీయకండి. డీఎన్ఏ పరీక్షలకు ఖర్చు పెట్టడం కూడా నా లెక్కలో దండగ, మనవైపు కూలీ కుటుంబాల వివరాలు ఆ కంపెనీల దగ్గర ఎందుకుంటాయి?

అన్నిటికంటే ముందు మీ కాగితాలు సరిచేసుకోండి. పుట్టిన తేదీ రుజువు లేకపోతే హోమ్ అధికారి ధ్రువీకరణతో పాస్‌పోర్టు తీసుకునే వీలు 2016 డిసెంబరు నుంచి ఉంది. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులను కోల్పోయి, చూసేవారెవరూ లేక, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన ఆశ్రమంలో చేరిన పిల్లలకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-ఏ కింద చోటుంది; మీ ఫైలులోని వివరాలు దానికి సరిపోతాయేమో తహసీల్దారు కార్యాలయంలో అడగండి. (కులం లేని మనిషిని ఊహించలేని చోట అనాథకు కూడా జాబితాలో ఒక వరుస దొరికింది, దొరికినందుకు వాడుకోండి.) ఆఫ్టర్‌కేర్ (పద్దెనిమిది దాటి సంరక్షణ నుంచి బయటికి వచ్చినవారికి ఇచ్చే సాయం) కింద ఇరవై ఒకటి వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో ఇరవై మూడు వరకు సాయం అడగవచ్చు, కేంద్ర ప్రభుత్వ బాలల పథకం మిషన్ వాత్సల్య లెక్క ప్రకారం అది నెలకు 4,000 రూపాయలు. ఆ దరఖాస్తును, ఫైలు నకలు కోరే అర్జీని ఒకే కాగితం మీద రాయకండి. విడివిడిగా ఇచ్చి, రెండింటికీ రసీదులు తీసుకోండి. కలిపి ఇస్తే ఒకటి తేలేవరకూ రెండోది కూడా అదే బల్ల మీద ఆగిపోతుంది.