నెలసరి ఆగింది, కాలి ఎముక నొప్పి.. ఇంజెక్షన్‌తో పరుగెత్తవచ్చా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయికి 19 ఏళ్లు. విశ్వవిద్యాలయ పోటీల కోసం 10,000 మీటర్ల పరుగు సాధన చేస్తోంది. తెల్లవారుజామున కాఫీ తాగి ట్రాక్‌కు వెళితే పదింటికి గానీ ఏమీ తినదు. నాలుగు నెలలుగా నెలసరి రాలేదు. పరుగెత్తే అమ్మాయిలకు అది మామూలే అంటున్నారు. మూడు వారాలుగా ఎడమ మోకాలి కింద ఎముక నొప్పి. పోటీ ఐదు వారాల్లో ఉంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించి పరుగెత్తించవచ్చా?
- ఒక తల్లి

జవాబు: మీరు కాలి నొప్పి గురించి అడిగారు గానీ, నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆగిన నెలసరి. అది మామూలే అన్న మాటను దయచేసి నమ్మకండి. సాధనలో ఖర్చయ్యే శక్తికి సరిపడా ఆహారం అందకపోతే శరీరం నెలసరిని ఆపేస్తుంది. దాంతో ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గి, రోజూ దెబ్బతినే ఎముక తిరిగి పూడుకోవడం మందగిస్తుంది.

ఈ పోటీలో ఎముక మీద పడే భారం తక్కువేమీ కాదు. 400 మీటర్ల ట్రాక్‌పై 25 చుట్లు తిరగాలి. ఎడమ చేయి లోపలి వైపు ఉండేలా పరుగెత్తాలన్నది నియమం కనుక 50 మలుపులూ ఎడమ వైపుకే. అడుగు 1.25 మీటర్లనుకున్నా మొత్తం 8,000 అడుగులు, ప్రతి అడుగుకూ శరీర బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి. భారమంతా ఒకే వైపు పడకుండా, సాధన రోజుల్లో తేలికపాటి చుట్లనైనా ఎదురు దిశలో తిరగమని నేను చెబుతుంటాను.

నొప్పి ఉన్నచోట వేలితో నొక్కి చూడండి. ఎముక లోపలి అంచు పొడవునా జానెడు మేర నొప్పి ఉంటే అది సాధారణంగా ఎముక పొర వాపు. వేలికొన ఆనేంత చోటే గుచ్చినట్లు నొప్పి పుడుతూ, రాత్రి పడుకున్నా సలుపుతుంటే సన్నని చీలికను అనుమానించాలి. మొదటి వారాల్లో అది ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కాబట్టి ఎంఆర్‌ఐ అవసరమవుతుంది. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), విటమిన్ డి, థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాల హార్మోన్) పరీక్షలతో పాటు గర్భ పరీక్ష కూడా రాస్తారు; నెలసరి ఆగిన ఎవరికైనా రాసేదే, నొచ్చుకోకండి.

ఇంజెక్షన్ వద్దు. నొప్పి తెలియకపోతే చీలిక పెద్దదవుతుంది. పైగా 2022 నుంచి పోటీ సమయంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్లన్నీ డోపింగ్ నిషేధంలో ఉన్నాయి. నెలసరి తెప్పించే మాత్రలతో సరిపెట్టుకోవడం కూడా తప్పే, రక్తస్రావం కనిపిస్తుంది గానీ ఆహార లోటు అలాగే ఉంటుంది. ట్రాక్‌కు వెళ్లే ముందు అరటిపండు, వచ్చిన గంటలోపు ఇడ్లీలతో పాటు గుడ్డు తప్పనిసరి చేయండి.

ఎంఆర్‌ఐ అయ్యేదాకా పరుగు ఆపించండి. చీలిక తేలితే ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతి తప్పకపోవచ్చు, అంటే ఈ పోటీని వదులుకోవలసిందే. ఈలోగా నడకలోనే కుంటుతుంటే మాత్రం అదే రోజు ఎముకల వైద్యుడికి చూపించండి.