నడుము నొప్పి ప్యాకేజీకి పర్సనల్ లోనా?

ప్రశ్న: వయసు 41. ఐదు వారాలుగా నడుము నుంచి ఎడమ మడమ దాకా నొప్పి లాగుతోంది. నడుము అడుగున ఉండే ఎల్5-ఎస్1 డిస్కు (వెన్నుపూసల మధ్య మెత్తటి దిండు) నరాన్ని నొక్కుతోందని ఎంఆర్‌ఐలో తేలింది. మూడు ఇంజెక్షన్లు, అవసరమైతే ఎండోస్కోపిక్ (చిన్న కోతతో కెమెరా గొట్టం పెట్టి చేసే) ఆపరేషన్ కలిపి ప్యాకేజీ చెప్పారు. మొత్తం ముందే కడితే తగ్గింపు ఇస్తారట. ఆరోగ్య బీమా తీసుకుని 8 నెలలే అయింది. అత్యవసర నిధిలో 2 నెలల ఖర్చులకే డబ్బుంది. పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ప్యాకేజీ ధర ఒక్కటే చూసి అప్పుకు సిద్ధపడటం చాలామంది చేసే పొరపాటే. ఇలాంటి నొప్పికి వెన్నులో నరాల దగ్గర ఇచ్చే ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజెక్షన్ డిస్కును సరిచేయదు, నరం చుట్టూ వాపు తగ్గిస్తుందంతే. ఉపశమనం కొందరికి వారాలు, కొందరికి నెలలు. మొదటిది బాగా పనిచేస్తే రెండోదాని అవసరమే రాకపోవచ్చు. అలాంటప్పుడు మూడింటికీ వడ్డీ కడుతూ ముందే డబ్బు చెల్లించడమేంటి? ప్యాకేజీలో రేడియోఫ్రీక్వెన్సీ (వేడితో నరాన్ని మొద్దుబార్చే చికిత్స) ఉంటే ఎందుకో అడగండి. అది ప్రధానంగా వెన్నుపూసలను వెనక కలిపే చిన్న ఫాసెట్ కీళ్ల నొప్పికి చేసేది, కాలికి పాకే నరం నొప్పికి కాదు.

డిస్కు వల్ల వచ్చే కాలినొప్పి చాలామందికి 6-12 వారాల్లో మందులు, వ్యాయామాలతోనే తగ్గుముఖం పడుతుంది. ఇంకొన్నాళ్లు ఆగవచ్చా అని డాక్టరును అడగండి. కానీ పాదం పైకి లేవకపోయినా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా ఆలోచించకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, డబ్బు సంగతి తర్వాత.

బీమా పత్రంలో వెన్ను, డిస్కు జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం) ఎంతో చూడండి. 8 నెలలకు అది పూర్తికాకపోయే అవకాశమే ఎక్కువ. ఇంజెక్షన్‌ను ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా చేసే చికిత్స) కింద రాస్తే క్లెయిమ్ రాకపోవచ్చు. చికిత్స పేరు రాయించి, బీమా కంపెనీని ముందస్తు అనుమతి అడగండి. కేస్ షీట్‌లో నొప్పి ఎన్నాళ్లుగా ఉందో రాసే గడి ఒకటుంటుంది. ఐదు వారాల నొప్పిని పొరపాటున ‘2 ఏళ్లు’ అని రాస్తే, పాలసీకి ముందే ఉన్న జబ్బని క్లెయిమ్ కొట్టేయవచ్చు. డిశ్చార్జికి ముందే చదువుకోండి.

మీ అసలు సమస్య అత్యవసర నిధి. ఎండోస్కోపిక్ ఆపరేషన్‌లో కోత సెంటీమీటరు లోపే. అదే రోజో మర్నాడో ఇంటికి పంపుతారు. కానీ బరువులెత్తే పనైతే వారాల తరబడి జీతం రాకపోవచ్చు. కొందరికి అదే చోట డిస్కు మళ్లీ జారుతుంది. అందుకే 6 నెలల ఖర్చులు, పైన బీమా ఇవ్వని ఖర్చులు, ఫిజియోథెరపీకి సరిపడా డబ్బు వెంటనే తీసుకునేలా ఉండాలి. సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో పెట్టే పెట్టుబడులు) ఉంటే కొన్ని నెలలు ఆపి అయినా ఇది నింపండి.

ఇంజెక్షన్ తప్పదంటే ఒక్కదానికే నిధి నుంచి కట్టండి. ఆపరేషన్ దాకా వస్తే ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసుకోవడమో, సంస్థలో జీతం అడ్వాన్సు అడగడమో చూడండి. తగ్గింపు గడువు ముగుస్తోందని తొందరపెడితే, ఏ చికిత్సకు ఎంతో విడివిడిగా రాసిమ్మనండి. రాసివ్వకపోతే మరో వెన్నెముక నిపుణుడికి ఎంఆర్‌ఐ చూపించండి.