రెండు పాతవి కలిపితే కొత్తదవుతుందా? ఆ వాదనలోనూ ఉద్యోగముంది

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో నాకు లేత్ షాపు ఉంది. మా అమ్మాయి మెకానికల్ బీటెక్ అయ్యాక పేటెంట్ కేసుల వైపు వెళ్తానంటోంది. ఉన్న వస్తువులు రెండు కలపడం ఎవరికైనా తట్టేదేనా కాదా అని వాదించడమట. అదీ ఒక ఉద్యోగమేనా? ఇప్పుడే ఎల్‌ఎల్‌బీలో చేర్పించాలా?

జవాబు: ఉద్యోగమేనండీ, మీ ఇంటికి మరీ పరాయిదీ కాదు. ఈ విషయంలో మన లాయర్లు ఇప్పటికీ ఎత్తి చూపే తీర్పు లేత్ గురించే. పాత్రలు తిప్పేటప్పుడు టెయిల్‌స్టాక్ (లేత్‌లో వస్తువు రెండో చివరను ఆనించి పట్టే భాగం) వైపు నుంచి నొక్కి పట్టే ఏర్పాటుకు ఒకరు పేటెంట్ తీసుకున్నారు. హైకోర్టులో ఒక జడ్జి దాన్ని రద్దు చేశారు, అప్పీలులో నిలబడింది, 1978లో సుప్రీంకోర్టు మళ్లీ కొట్టేసింది. షాపులో మేస్త్రీ మామూలుగా చేసుకునే మార్పుకు పేటెంట్ రాదు, అంతకు మించి ఏదో ఉండాలి అంది. అమెరికాలో 2007 నాటి కేఎస్ఆర్ కేసులో ముందుకూ వెనక్కూ జరిపే కారు పెడల్, ఎలక్ట్రానిక్ సెన్సర్ రెండూ పాతవే. కలపడం తట్టే పనేనని, పేటెంట్ చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

చిక్కేమిటంటే, ఒకరు చేసి చూపించాక ప్రతిదీ తేలికగానే కనిపిస్తుంది. పేటెంట్ ఆఫీసు నుంచి వచ్చే అభ్యంతరం ఇలా ఉంటుంది: మీ బిగింపు డి1లో ఉంది, స్ప్రింగ్ డి2లో ఉంది, రెండూ కలిపితే వచ్చేదే మీ వస్తువు. డి1, డి2 అంటే అంతకు ముందే వెలువడ్డ పాత పత్రాలు. జవాబు రాసేవారు డి1 పత్రం ముందు పెట్టుకుని, ఇది చేతిలో ఉన్న మేస్త్రీ డి2 వైపు ఎందుకు చూస్తాడు, చూసినా ఆ స్ప్రింగ్ ఇక్కడ ఇముడుతుందా, అసలు డి1 స్ప్రింగ్ వద్దంటోందా అని లైను లైనూ వెతకాలి. విసుగు పుట్టే పని. ఓపిక లేనివాళ్లు మానేస్తారు.

ఎల్‌ఎల్‌బీకి తొందర లేదు. సైన్స్ లేదా ఇంజనీరింగ్ డిగ్రీ, 21 ఏళ్లు ఉంటే పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయొచ్చు. అది ఏటా ఠంచనుగా జరగదు, నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచండి. పాసై ఏజెంటుగా నమోదైతే కంట్రోలర్ (పేటెంట్ ఇవ్వాలా వద్దా తేల్చే అధికారి) ముందు వాదించొచ్చు. మన రాష్ట్రం చెన్నై పేటెంట్ ఆఫీసు కిందికి వస్తుంది. అక్కడి ఉత్తర్వు మీద అప్పీలు హైకోర్టుకు వెళ్తుంది, గడువు మూడు నెలలు. హైకోర్టులో వాదించాలంటే మాత్రం నల్లకోటు కావాలి. అప్పుడు లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయొచ్చు. ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ఢిల్లీల్లోనే. ఇంటిపట్టునే ఉండాలంటే కష్టం.

ఎక్కడా ఫీజు కట్టకముందే పేటెంట్ ఆఫీసు వారి ఇన్‌పాస్ సైటులో, ఉచితమే, లేత్ బిగింపుల దరఖాస్తు ఒకటి వెతకమనండి. దాని పరీక్ష నివేదిక (పైన చెప్పిన అభ్యంతరాలు ఉండేది అందులోనే), డి1, డి2 చదివి మీకు తెలుగులో చెప్పమనండి. మేస్త్రీ తరఫున అడ్డు ప్రశ్నలు మీరు వేయండి.