ఆ రోవర్ ఎక్కడికి పోయింది?

తమ్ముడూ,

నీ ఎపిసోడ్ స్క్రిప్ట్ రాత్రి ఒక్క బిగిన చదివేశాను. అంగారకుడి మీద ఒక బేస్, అందులో నలుగురు మనుషులు, ముగ్గురికి మాత్రమే సరిపోయే ఆక్సిజన్. డాక్టరమ్మ పాత్ర నాకు చాలా నచ్చింది, ఆమె మాటతీరు ఎక్కడా అరువు తెచ్చుకున్నట్టు లేదు. "చదివిన ఫ్రెండ్స్ అందరూ లాజిక్ లేదంటున్నారు, సైన్స్ ఫిక్షన్‌లో ప్రతిదీ వివరించాలా అక్కా?" అని అడిగావు కదా. ప్రతిదీ అక్కర్లేదు. కానీ మూడో సీన్లో ఒక రోవర్ చూపించావు, అంటే అంగారకుడి నేల మీద తిరిగే బండి, దానికి సొంత ఆక్సిజన్ ట్యాంకులున్నాయని ఇంజనీరు చేతే చెప్పించావు, తీరా తొమ్మిదో సీన్లో ఎవరు చావాలో తేల్చుకోవడానికి నలుగురూ కూర్చుంటే ఆ రోవర్ ఊసు ఒక్కరూ ఎత్తరు. నీ ఫ్రెండ్స్‌కి ఇబ్బందిగా అనిపించింది అక్కడే, వాళ్లు అన్నది నిజమే.

ఇందులో నీకు ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. ఇలాంటి లొసుగులు చాలా పెద్ద సీరియల్స్‌లోనే ఉన్నాయి, కొన్నిటిని జనం దశాబ్దాల తరబడి ప్రేమిస్తూనే ఉన్నారు, కొన్నిటిని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. ఆ తేడా ఎక్కడుందో పట్టుకుంటే నీ పని సగం అయిపోయినట్టే, అందుకే రెండు ఎపిసోడ్ల గురించి కాస్త వివరంగా రాస్తాను.

మొదటిది అంతరిక్ష ఓడలో తిరిగే మనుషుల కథలు చెప్పే అమెరికన్ టీవీ సీరియల్, అసలు స్టార్ ట్రెక్‌లో 1966 అక్టోబర్ 6న వచ్చిన 'ది ఎనిమీ వితిన్'. రాసింది రిచర్డ్ మాథెసన్. మనుషుల్ని ఓడలోంచి గ్రహం మీదికి, అక్కణ్నుంచి మళ్లీ ఓడలోకి పంపే ట్రాన్స్‌పోర్టర్ పాడైపోయి కెప్టెన్ కర్క్‌ని రెండుగా చీలుస్తుంది: ఒకడు మెతక, ఇంకొకడు క్రూరుడు. యంత్రం బాగయ్యేదాకా ఎవర్నీ పైకి తీసుకురాలేరు, కింద గ్రహం మీద ఓడ సిబ్బందిలోని సులూ, ఇంకొందరు చలికి గడ్డకట్టుకుపోతుంటారు, రాత్రికి అక్కడ ఉష్ణోగ్రత సున్నాకి 120 డిగ్రీలు కిందికి పడిపోతుంది. ఇప్పుడు చూసేవాళ్లకి వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే, షటిల్, అంటే ఓడలో ఉండే చిన్న వాహనం, పంపి వాళ్లని తెచ్చుకోవచ్చు కదా? ఎందుకు పంపలేదంటే అప్పటికి ఆ సీరియల్లో షటిల్ అనేదే లేదు. అది మొదటిసారి తెర మీదికి వచ్చింది 1966 నవంబర్ 17న, 'ది మెనాజరీ' అనే ఎపిసోడ్ మొదటి భాగంలో. అంటే మొదటిసారి ప్రసారమైన రోజున ఆ ప్రశ్న అడగడానికి ప్రేక్షకుడికి ఆధారమే లేదు, ఆరు వారాల తర్వాత వచ్చిన ఒక కొత్త వాహనం వెనక్కి వెళ్లి పాత కథకి కన్నం పెట్టింది. నువ్వు ఆరు ఎపిసోడ్లు రాస్తానంటున్నావు కాబట్టి ఇది బాగా గుర్తుపెట్టుకో, నాలుగో ఎపిసోడ్‌లో నువ్వు పెట్టే కొత్త పరికరం మొదటి మూడు ఎపిసోడ్లనీ ప్రశ్నిస్తుంది.

అయినా ఆ ఎపిసోడ్‌ని జనం వదులుకోలేదు. ఎందుకో చూడు. కింద ఉన్నవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోరు, తమ కిరణాల తుపాకులతో రాళ్లని వేడిచేసుకుంటారు. పైనున్నవాళ్లు హీటర్లు పంపి చూస్తారు, అవి కూడా రెండుగా చీలిపోయి పనిచేయవు. పొడవైన తాడు దొరికితే ఒక కుండ వేడి కాఫీ దించగలరా అని సులూ అడుగుతాడు! ఆ మాట నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. చలికి చచ్చిపోతున్న మనిషి ధైర్యం అందులో ఉంది, దాంతోపాటే "ఇంకో దారి లేదా" అన్న మన ప్రశ్న కూడా అందులో ఉంది. వాళ్లకి తోచినవన్నీ ప్రయత్నించారని మనకి నమ్మకం కుదురుతుంది. పైగా కథ అసలు అడుగుతున్నది షటిల్ గురించి కాదు, తనలోని క్రూరత్వం పోతే ఒక నాయకుడికి నిర్ణయం తీసుకునే శక్తి కూడా పోతుందా అని. ఆ ప్రశ్న అంత బలంగా ఉంది కాబట్టి మిగతాది మనం పట్టించుకోం. నాకు తెలిసి ఏ కథకైనా అన్నిటికంటే గట్టి రక్షణ అదే.

రెండోది ఆ కథాలోకంలోనే తర్వాత వచ్చిన సీరియల్, స్టార్ ట్రెక్ వాయేజర్‌లో 1996 జనవరి 29న వచ్చిన 'థ్రెషోల్డ్'. ఆ సీరియల్ పునాది నీకు తెలుసు కదా, ఓడ ఇంటి నుంచి 70,000 కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుపోయింది, ఉన్న వేగంతో తిరిగి రావాలంటే 75 ఏళ్లు పడుతుంది. ఈ ఎపిసోడ్‌లో ఓడ నడిపే టామ్ పారిస్ వార్ప్ 10 దాటుతాడు, అంటే అనంతమైన వేగం, ఒకే క్షణంలో విశ్వంలో అన్నిచోట్లా ఉండటం. దాని ఫలితంగా అతని శరీరం మారిపోతూ వస్తుంది, కెప్టెన్ జేన్‌వేని కూడా ఎత్తుకుపోతాడు, చివరికి ఇద్దరూ బల్లుల్లాంటి ఉభయచరాలైపోతారు, పిల్లల్ని కూడా కంటారు. ఓడలో డాక్టర్ ఇద్దరికీ వైద్యం చేసి మళ్లీ మనుషుల్ని చేస్తాడు.

అనంత వేగంతో వెళ్లినవాడు కచ్చితంగా బయల్దేరిన చోటికే ఎలా తిరిగొచ్చాడు, పరిణామం ఒక్క మనిషి ఒంట్లో కొద్ది రోజుల్లో ఎలా జరుగుతుంది... ఇవన్నీ సైన్స్ ప్రశ్నలు, వీటిని జనం ఎలాగో మింగేస్తారు. మింగుడుపడనిది వేరే ఉంది. క్షణంలో ఇంటికి చేర్చే ఇంజన్ వాళ్ల చేతిలో ఉంది. దాని వల్ల వచ్చే జబ్బుకి మందు కూడా డాక్టర్ దగ్గరుంది. మరి అందరూ ఎక్కి ఇంటికి వెళ్లిపోయి, అక్కడ వైద్యం చేయించుకోవచ్చు కదా? ఆ ఓడలో ఉన్నవాళ్లలో పెళ్లాం పిల్లల్ని వదిలొచ్చినవాళ్లు ఉన్నారు, 75 ఏళ్లంటే బతికుండగా మళ్లీ వాళ్ల మొహాలు చూడటం కల్ల, అయినా ఒక్కరంటే ఒక్కరు ఈ ప్రశ్న అడగరు. సీరియల్ ఆ తర్వాత 2001 దాకా నడిచినా ఆ ఇంజన్‌ని మళ్లీ వాడలేదు. రాసిన బ్రానన్ బ్రాగానే తర్వాత దాన్ని బాహాటంగా తిట్టుకున్నాడు. అదే ఎపిసోడ్‌కి మేకప్ విభాగంలో ఎమ్మీ అవార్డు వచ్చిందంటే నమ్ముతావా? మేకప్ వాళ్లు అంత కష్టపడ్డారు, పారిస్‌గా వేసిన నటుడు ఆ మేకప్ కింద నుంచి కూడా నిజమైన భయం పలికించాడు, ఇవాళ ఎవరూ దాని గురించి మాట్లాడరు. స్క్రిప్ట్‌లో ఒక ప్రశ్న అడగకుండా వదిలేస్తే పోయేది రాసినవాడి పేరు ఒక్కటే కాదు తమ్ముడూ, ఎంతోమంది పని దాంతోపాటే పోతుంది. నాకు బాధ కలిగేది అక్కడే.

కాబట్టి నేను నీకు చెప్పేది ఇది. నువ్వు మొదట్లోనే పెట్టిన అసాధ్యాన్ని జనం ఒప్పుకుంటారు. ట్రాన్స్‌పోర్టర్‌నే చూడు, ప్రతి వారం అంత పెద్ద ఓడ గ్రహం మీద దిగినట్టు చూపించాలంటే ఖర్చు తట్టుకోలేక తెచ్చుకున్న ఉపాయం అది, ఎలా పనిచేస్తుందో ఎవరూ నిలదీయలేదు. కానీ ప్రాణం మీదికొచ్చిన మనిషి, కళ్ల ముందున్న దారిని చూడకుండా ఊరుకుంటే మాత్రం ఒప్పుకోరు. అక్కడ పాత్ర చచ్చిపోయి రచయిత చెయ్యి కనిపిస్తుంది.

స్క్రిప్ట్ తిరగరాసేటప్పుడు సీన్ వారీగా కాకుండా మనిషి వారీగా చదువు. ఇంజనీరు ఒక్కడినే పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్లు: ఇప్పుడు ఇతనికి ఏం తెలుసు, చేతిలో ఏముంది, భయం వేస్తే ముందు దేని వైపు పరిగెడతాడు? తర్వాత డాక్టరమ్మ, తర్వాత మిగతా ఇద్దరూ. టైమ్ పడుతుంది, విసుగొస్తుంది, చెయ్యి.

రోవర్ సంగతికొస్తే, దాన్ని మూడో సీన్లోంచి తీసెయ్యాలని నీకు అనిపిస్తుంది. తీసెయ్యకు. ఇసుక తుఫానులో పాడైపోయిందని ఒక డైలాగ్ పడేయడం ఇంకా అన్యాయం. ఎవరో ఒకరు "రోవర్ ఉంది కదా" అని పైకి అనాలి, అందరి మొహాల్లో ఆశ రావాలి, వెళ్లి చూడాలి. అక్కడ ఏం జరిగిందన్నది నీ ఇష్టం. ట్యాంకులు అప్పటికే ఎవరో వాడేశారనుకో, ఎవరు, ఎప్పుడు, మిగతావాళ్లకి ఎందుకు చెప్పలేదు? నువ్వు లొసుగు అనుకుంటున్న చోటే నీకు ఒక దొంగ, ఒక అబద్ధం, ఒక కొత్త సీన్ దొరుకుతున్నాయి.

భూమికి మెసేజ్ పెట్టగానే జవాబు వచ్చేయడం కూడా సరిచెయ్యి. అంగారకుడు దగ్గరగా ఉన్నప్పుడే రేడియో సిగ్నల్ ఒకవైపు వెళ్లడానికి 3 నిమిషాలు పడుతుంది, దూరంగా ఉన్నప్పుడు 22 నిమిషాల దాకా. రానూపోనూ లెక్కేస్తే ముప్పావుగంట అవ్వచ్చు, ఆ నిరీక్షణలో నీకు కావాల్సినంత టెన్షన్ ఉంది. ఆక్సిజన్ యంత్రం లోపల ఏం జరుగుతుందో వివరించే ఆ పేజీన్నర మాత్రం కొట్టెయ్, అది ఎవరూ అడగలేదు.

ముందు తొమ్మిదో సీన్ ఒక్కటే రాసి పంపు, మిగతా వాటి జోలికి తర్వాత వెళ్దాం. డాక్టరమ్మ మాటలు మాత్రం, ఎవరు ఏం చెప్పినా, ఒక్కటి కూడా మార్చకు.

ప్రేమతో,
అక్క