మన దేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ ఎవరు? ఆవిడ దారి ఎలా సాగింది?

మీ అమ్మాయి ఇంటర్ ఎంపీసీలో ఉంది, పైలట్ అవుతానంటోంది, తనకి చెప్పడానికి తొలి మహిళా కమర్షియల్ పైలట్ కథ కావాలి అన్నారు. ఆవిడ పేరు ప్రేమ్ మాథుర్. చాలామంది సరళా థక్రాల్ అని చెప్తుంటారు. సరళగారు 1936లో లాహోర్‌లో చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానాన్ని ఒంటరిగా నడిపారు. ఆవిడదీ గొప్ప కథే. కానీ జీతం తీసుకుని ప్రయాణికుల విమానం నడిపిన తొలి భారతీయురాలు మాత్రం ప్రేమ్ మాథురే.

అలహాబాద్‌లో ఫ్లయింగ్ నేర్చుకుని 1947లో కమర్షియల్ లైసెన్సు సంపాదించారు. అసలు కష్టం అక్కడే మొదలైంది. అడిగిన కంపెనీలన్నీ కాదన్నాయి. కాక్‌పిట్‌లో ఆడమనిషి ఉంటే జనం విమానం ఎక్కరని సాకు. చివరికి ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాద్ కంపెనీ డెక్కన్ ఎయిర్‌వేస్. నిజాం రైల్వే, టాటాలు కలిసి పెట్టిన సంస్థ అది, బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిపేది. బేగంపేట మీదుగా ఎన్నోసార్లు తిరిగిన నాకు ఈ సంగతి మా అమ్మాయి చెప్తేనే తెలిసింది. ఎంత గర్వంగా అనిపించిందో!

1949లో ఆవిడ నేషనల్ ఎయిర్ రేస్ గెలిచారు. ఇందిరా గాంధీ లాంటివాళ్ళు ఆవిడ నడిపిన విమానాల్లో ప్రయాణించారు. కావలసిన ఫ్లయింగ్ గంటలన్నీ పూర్తి చేశారు. అయినా కమాండ్, అంటే కెప్టెన్ బాధ్యత, ఇవ్వలేదు, కో పైలట్‌గానే ఉండమన్నారు. ఆవిడ సర్దుకుపోలేదు. ఢిల్లీ వెళ్ళి పారిశ్రామికవేత్త జి.డి. బిర్లా సొంత విమానానికి పైలట్‌గా చేరారు. మీ అమ్మాయికి చెప్పేటప్పుడు ఈ ముక్క దాటేయకండి. "తొలి మహిళ" అని చప్పట్లు కొట్టి ఊరుకుంటే, తలుపు తీసినవాళ్ళే గుమ్మంలో ఆపేసిన సంగతి పిల్లలకి తెలియదు. లైసెన్సు వేరు, ఉద్యోగం వేరు, కెప్టెన్ సీటు వేరు. మూడింటికీ విడివిడిగా పోరాడాలి.

మా ఇంట్లో ఇది కళ్ళారా చూశాను. మాది అనంతపురం వైపు, చాలా ఏళ్ళుగా బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటున్నాం. మా అమ్మాయి వేరే రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో చేరింది. అక్కడ ఉన్నవి తక్కువ విమానాలు, వాటిలోనూ ఎప్పుడూ ఏదో ఒకటి రిపేరులోనే. సీపీఎల్‌కి, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సుకి, కావలసిన 200 ఫ్లయింగ్ గంటలు పూర్తవడానికి వాళ్ళు చెప్పిన గడువుకి రెట్టింపు పట్టింది. ఫీజు మాత్రం ముందే కట్టించుకున్నారు. లైసెన్సు చేతికొచ్చాక మళ్ళీ ఉద్యోగం కోసం ఎదురుచూపులు. "పెళ్ళయ్యాక ఎవరు పంపుతారమ్మా" అన్న చుట్టాలకి లెక్కే లేదు.

ఆ ఖాళీ రోజుల్లో పిల్ల గోడకి కాక్‌పిట్ పోస్టర్ అంటించుకుంది. దాని ముందు డైనింగ్ కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని ఒక్కో స్విచ్ దగ్గరికి చెయ్యి పోనిచ్చేది. చెక్‌లిస్ట్ చదివి పెట్టేది మా అత్తగారు. ఆవిడ కూడబలుక్కుంటూ "ఫ్లాప్సు?" అంటే ఇది "సెట్" అనేది. రెండో వారానికల్లా తర్వాత ఏ మాట రావాలో ఆవిడకే నోటికొచ్చేసింది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా ఎయిర్ ఇండియా విమానాన్ని నలుగురు మహిళా పైలట్లు బెంగళూరుకి తెచ్చారు కదా, ఆ రాత్రి వీళ్ళిద్దరూ ఫోన్లో మ్యాప్ చూస్తూ నిద్రే పోలేదు. జోయా అగర్వాల్ నడిపించిన ఆ బృందంలో పాపగారి తన్మయి అన్న పేరు చూసి "మన తెలుగు పిల్లేనే" అని మా అత్తగారు ఒకటే సంబరం. విజయవాడలో పెరిగిన అన్నీ దివ్య 30 ఏళ్ళకే బోయింగ్ 777 కమాండర్ అయిందని చెప్తే ఇంకా మురిసిపోయారు.

ఇప్పుడు మా అమ్మాయి ఫస్ట్ ఆఫీసర్, అంటే కో పైలట్, భుజం మీద మూడు గీతలు. కెప్టెన్ అవ్వాలంటే ఏటీపీఎల్ అనే పై లైసెన్సు కావాలి, దానికి 1,500 ఫ్లయింగ్ గంటలు ఉండాలి. ఇంకా దారిలోనే ఉంది.

మీ అమ్మాయి విషయానికొస్తే, ఏ స్కూలుకీ రూపాయి కట్టకముందే మెడికల్ చేయించండి. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర ముందు క్లాస్ 2 అనే మెడికల్, తర్వాత కమర్షియల్ లైసెన్సుకి కావలసిన క్లాస్ 1. క్లాస్ 1 మేము ఇక్కడే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో, వైమానిక దళం వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో చేయించాం. కళ్ళు, రంగులు గుర్తుపట్టడం, చెవులు, ఈసీజీ, రక్తం అన్నీ చూస్తారు. రంగుల పరీక్షలో తేడా వస్తే లక్షలు కట్టాక తెలుసుకుని ఏం లాభం? కళ్ళద్దాలు ఉన్నాయని మాత్రం బెంగపడకండి, అద్దాలతో చూపు సరిపోతే ఒప్పుకుంటారు. ఫీజు ఎప్పుడూ విడతలుగానే కట్టండి. చేరే ముందు ఒకసారి వెళ్ళి, ఎన్ని విమానాలు ఎగురుతున్నాయో, ఎన్ని షెడ్డులో ఉన్నాయో మీ కళ్ళతో చూడండి. అక్కడి సీనియర్ పిల్లలతో కాంటీన్లో కూర్చుని మాట్లాడితే ఆఫీసులో చెప్పని సంగతులు చాలా తెలుస్తాయి.