పార్కిన్సన్స్ జీన్స్ రీసెర్చ్‌కి రక్తం ఇవ్వొచ్చా అంటే, మేం ఇచ్చాం

"మా మావగారికి పార్కిన్సన్స్, అదే వణుకు జబ్బు. జీన్స్ (జన్యువులు) మీద రీసెర్చ్ చేస్తున్నాం, రక్తం ఇస్తారా అని హాస్పిటల్లో అడిగారు. ఇస్తే మాకేమైనా ఉపయోగం ఉంటుందా?" అని అడిగారు కదండి.

ఇవ్వండి. మీ మావగారికి దానివల్ల ఇప్పటికిప్పుడు ఒరిగేదేం లేదు, మందులు మారవు, చాలాచోట్ల రిపోర్ట్ కూడా చేతికివ్వరు. అయినా ఇవ్వండి.

మాది మండపేట దగ్గర పల్లెటూరు. నాన్న రైస్ మిల్లులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశారు. మాకు ఈ జబ్బు ముందు కనపడింది వణుకులో కాదు, మిల్లు పద్దుల పుస్తకంలో. లైను మొదట్లో మామూలుగా ఉండే అక్షరం చివరికొచ్చేసరికి చీమలబారులా అయిపోయేది. కళ్ళజోడు మార్పించాం, పెన్ను మార్పించాం. రెండేళ్ళకి కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక కాకినాడలో న్యూరాలజిస్ట్ గారు ఆ పాత పుస్తకం చూసి, ఇది అప్పుడే మొదలైందండి అన్నారు.

రీసెర్చ్ కోసం హైదరాబాద్ వెళ్ళాం, రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, అమ్మా నాన్నా నేనూ. రక్తం తియ్యడం రెండు నిమిషాల పని. అసలు టైమంతా వంశవృక్షం గియ్యడానికే పట్టింది. రీసెర్చ్ చేసే అమ్మాయి చిన్నపిల్లే, మగాళ్ళకి డబ్బా, ఆడవాళ్ళకి సున్నా, జబ్బున్న వాళ్ళది నల్లగా నింపుతుంది, దగ్గర చుట్టరికంలో పెళ్ళయితే మధ్యలో ఒక గీతకి బదులు రెండు గీతలు. నాన్నవైపు అయిపోయింది, అమ్మవైపు మొదలెట్టి "ఆంటీ వాళ్ళ అమ్మగారు?" అంది. "మా అక్క" అన్నారు నాన్న. ఆ పిల్ల పెన్ను ఆగిపోయింది.

నాన్న చేసుకున్నది సొంత అక్క కూతుర్నే మరి. అమ్మ ఇప్పటికీ ఆయన్ని మావయ్యా అనే పిలుస్తుంది, మా అమ్మమ్మ నాకు మేనత్త కూడా అవుతుంది. పాపం ఆ పిల్ల గీసిన కాగితం పక్కన పెట్టేసి కొత్తది తీసుకుంది. తాతయ్యది మేనరికం, ఆయన నాన్నదీ మేనరికమే, మొత్తం మూడు చోట్ల రెండేసి గీతలు పడ్డాయి.

మామూలుగా పేషెంట్ భార్య రక్తం కూడా తీసుకుంటారంట. అదే ఇంట్లో అదే తిండి తిని అదే నీళ్ళు తాగినా జబ్బు రాని మనిషి, పైగా రక్తసంబంధం లేదు కాబట్టి పోల్చి చూసుకోడానికి బాగుంటుందని. అమ్మ అప్పటికే జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని కూర్చుంది. "మీది అలా పోల్చడానికి కుదరదాంటీ, మీరూ అంకుల్ ఒకే కుటుంబం కదా" అనేసరికి అమ్మ మొహం చిన్నబోయింది. "ఇంత దూరం వచ్చాను కదమ్మా, తీసుకో" అంది. పెద్ద డాక్టర్‌ని అడిగొచ్చి, చివరికి బంధువుల లెక్కలో తీసుకున్నారు.

తర్వాత ఇంకెవరికైనా వణుకుండేదా అని అడిగితే నాన్న లేదండి అనేశారు. అమ్మ మాత్రం కాసేపాగి "మా అమ్మ ముగ్గు" అంది. ధనుర్మాసంలో వాకిలంతా నిండేలా ముగ్గు పెట్టే మనిషి, ఆఖరి నాలుగైదేళ్ళలో అదే ముగ్గు చాటంత అయిపోయిందంట, చుక్కలు ఒకదానిమీద ఒకటి పడిపోయేవంట, నడకా పొట్టి పొట్టి అడుగులే. అందరూ వాతం అన్నారు, నూనెలు రాశారు, అలాగే పోయింది. ఆ అమ్మాయి అమ్మమ్మ సున్నాలో క్వశ్చన్ మార్క్ పెట్టింది. నేనైతే నల్లగా నింపేసేవాణ్ణి. నాన్న అక్షరమూ వాళ్ళ అక్క ముగ్గూ ఒకేలా చిక్కిపోతే ఇంకేం అనుమానం?

జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి రాసింది 1817లో, మొదటి జీన్ దొరికింది 1997లో, అదీ ఒక ఇటలీ కుటుంబం రక్తం ఇవ్వబట్టే. మరుసటేడు జపాన్ కుటుంబాల్లో పార్కిన్ అనే జీన్ దొరికింది. అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు కాపీలూ చెడ్డవే వస్తే చిన్న వయసులోనే జబ్బు తెచ్చేది. అలాంటివి మేనరికాల్లో బయటపడే అవకాశం ఎక్కువ. ఇక తెల్లవాళ్ళ దేశాల్లో ఈ జబ్బు విషయంలో ఎక్కువగా వినపడే ఎల్ఆర్ఆర్‌కే2 జీన్‌లోని జీ2019ఎస్ మార్పు మన ఇండియాలో చాలా అరుదు. 2023లో నైజీరియా వాళ్ళ రక్తం చూశాకే జీబీఏ1 జీన్‌లో ఆఫ్రికా వాళ్ళకుండే కొత్త తేడా బయటపడింది. మరి మనది ఎవరు కనిపెడతారండి? ఇన్ని మేనరికాలున్న గోదావరి జిల్లాల్లో వెతికితే కొత్తది దొరికి తీరుతుందని నా గట్టి నమ్మకం. అలాగని మీ పిల్లలకొచ్చేస్తుందని కంగారు పడకండి, ఈ జబ్బున్న వాళ్ళలో నూటికి 10-15 మందికే ఇంట్లో ఇంకొకరికి ఉంటుంది.

నాకు మండేది ఇంకోటుంది. మేం ఊరు తిరిగొచ్చేలోపే మా మావయ్య ఫోన్ చేసి "మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, ఆ కాగితాల్లో మా పేర్లు తీయించెయ్" అన్నాడు. పేర్లుండవు మావయ్యా, శాంపిల్ మీద నంబరే ఉంటుంది అన్నా వినడే. షుగరుంటే చెప్పుకుంటారు, గుండెలో స్టెంటు వేయిస్తే ఊరంతా చెప్పుకుంటారు, చెయ్యి వణికితే మాత్రం జేబులో దాచుకోమంటారు. ఇలా దాచబట్టే అమ్మమ్మ మందన్నదే లేకుండా పోయింది.

మనం ఒప్పుకున్నట్టు సంతకం పెట్టే ఆ కన్సెంట్ ఫారంలో తెలుగు కూడా ఎవరి కోసం రాస్తారో తెలీదు, "జన్యు నమూనా నిల్వకు సమ్మతి" అని ఉంటే మిల్లు లెక్కలన్నీ చూసిన మా నాన్నకే అర్థం కాలేదు. నోటితో చెప్పమనండి, వాళ్ళు చెప్పి తీరాలి. తర్వాత వద్దనుకుంటే ఎప్పుడైనా తప్పుకోవచ్చు, వైద్యం ఆపరు, అది కూడా అడిగి ఖాయం చేసుకోండి. సంతకం దగ్గర "కొంచెం పెద్దగా పెట్టండంకుల్" అందా పిల్ల. నాన్న మొదటి అక్షరం పెద్దగానే పెట్టారు.

ప్రయాణంలో సిండోపా (ఈ జబ్బుకి వేసే మాత్ర) టైము తప్పనివ్వకండి, టిఫినుకి అరగంట ముందే వేసెయ్యండి. వెళ్ళేముందు మీ మావగారి అక్కచెల్లెళ్ళెవరైనా ఉంటే ఒకసారి ఫోన్ చెయ్యండి. ఎవరికైనా వణుకుండేదా అనడిగితే లేదనే అంటారు. వాళ్ళమ్మ ముగ్గెలా పెట్టేది, వాళ్ళ నాన్న ఆఖర్లో ఎలా నడిచేవారు అని అడగండి.