పదహారేళ్ల ఎస్‌యూవీని ఇంట్లోనే బాగుచేసుకుంటూ నడపవచ్చా, అమ్మేయాలా?

ఇంటి ముందు పదహారేళ్ల డీజిల్ ఎస్‌యూవీ ఉందని, చిన్న చిన్న పనులు సొంతంగా చేసుకుంటూ ఇంకొన్నాళ్లు నడపాలని మీకు ఉందని, ఇంట్లో వాళ్లేమో అమ్మేయమంటున్నారని రాశారు. అమ్మకండి. నిక్షేపంగా నడుపుకోవచ్చు. మాది 2008 నాటి బొలెరో, మా నాన్నగారు కొన్నది. 2,30,000 కిలోమీటర్లు దాటింది. ఆయన పోయాక దాని బాగోగులు నా చేతికి వచ్చాయి. నేను మెకానిక్‌ను కాను, మార్కాపురం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెబుతాను. ఆదివారం పూట పెరట్లో వేపచెట్టు కింద బండి పెట్టుకుని నేర్చుకున్నదే నా విద్య అంతా.

పాత బండి అనగానే అందరూ పానాల పెట్టె, జాకీ, ఆయిల్ అంటూ మొదలుపెడతారు. అవన్నీ తర్వాత. మీరు ముందు అడగవలసిన ప్రశ్న ఒకటే: ఇన్నేళ్లుగా మీ బండి రేడియేటర్‌లో, అంటే ఇంజిన్ చుట్టూ తిరిగే నీళ్లను చల్లబరిచే జాలిలో, ఏ నీళ్లు పోశారు?

మూడేళ్ల కిందట మే నెలలో అమ్మ మొక్కు తీర్చడానికి శ్రీశైలం బయలుదేరాం. అమ్మ, మా ఆవిడ, అక్క, బావగారు, పిల్లలు, సామాను. దోర్నాల దాటే సరికి సాయంత్రం అయిదున్నర. ఘాట్ మొదలైన పది నిమిషాలకే వేడి చూపే ముల్లు సగం దాటింది. ఇంకో రెండు మలుపులకు ఎర్రగీత దగ్గరికి వచ్చింది. ఏసీ ఆపాను, హీటరు పూర్తిగా తిప్పాను. ఆ ఎండలో హీటరు ఏమిటని అందరూ అరిచారు కానీ, ఇంజిన్‌లోని వేడిని కొంతైనా లాగేయడానికి అప్పటికప్పుడు చేతిలో ఉండే దారి అదొక్కటే. అదీ చాలలేదు. కాస్త వెడల్పుగా ఉన్న చోట పక్కకు తీసి ఆపేశాను. బానెట్ ఎత్తితే లోపలి నుంచి గుటగుట శబ్దం, నీళ్లు పొంగి చక్రం పక్కన కారుతున్నాయి.

అటుగా వచ్చిన ఒక లారీ డ్రైవరు ఆపి, పాపం మంచి మనసుతోనే, ‘మూత తీసి నీళ్లు పోయండి సార్, పది నిమిషాల్లో వెళ్లిపోవచ్చు’ అన్నాడు. బావగారు అప్పటికే భుజం మీది తువ్వాలు చేతికి చుట్టుకుని మూత మీద చెయ్యి వేయబోతున్నారు. ‘బావగారూ, ముట్టుకోవద్దు!’ అని ఆయన మణికట్టు పట్టుకున్నాను. అంతవరకూ ఆయన మీద నేనెప్పుడూ గొంతు పెంచి ఎరగను. ఆ రేడియేటర్ మూత మామూలు మూత కాదు. మా బండి మూత మీద 0.9 అని అంకె ఉంటుంది. బయటి గాలి ఒత్తిడికి అదనంగా లోపల అంత ఒత్తిడి నిలబెట్టడం వల్ల నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగకుండా 118 దాకా తట్టుకుంటాయి. ఆ స్థితిలో మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోయి నీళ్లు అక్కడికక్కడే ఆవిరై మొహానికి ఎగజిమ్ముతాయి. ఈల వేస్తున్న కుక్కర్ మూతను ఎవరూ లాగరు. అంతకంటే పెద్ద కుక్కర్‌ను మాత్రం రోజూ ఎవరో ఒకరు రోడ్డు పక్కన లాగుతూనే ఉంటారు.

ఆ అడవి దారిలో రాత్రి తొమ్మిది తర్వాత వాహనాలను వదలరు, పులుల అభయారణ్యం కాబట్టి. అందుకే అందరికీ తొందర. నేను యాభై నిమిషాలు కదలలేదు. రేడియేటర్ పై రబ్బరు గొట్టాన్ని చేత్తో నొక్కితే మెత్తగా నొక్కుకునేదాకా ఆగి, తడి గుడ్డ నాలుగు మడతలు వేసి, మూతను మొదటి మెట్టు వరకే తిప్పాను. సన్నగా ‘స్...’ అంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగాకే తీశాను. తాగడానికి తెచ్చుకున్న నీళ్లు రెండు సీసాలు పట్టాయి. ఏసీ లేకుండా రెండో గేరులో నెమ్మదిగా ఎక్కి దర్శనం చేసుకున్నాం, మర్నాడు చల్లని పూట తిరిగి వచ్చాం.

ఇంటికి వచ్చాక ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. అక్కడి పెద్ద మెకానిక్ బానెట్ ఎత్తి అర నిమిషం చూసి, ‘హెడ్ గాస్కెట్ పోయింది, ఇంజిన్ విప్పాలి, నలభై వేలు అనుకోండి’ అన్నాడు. ఎలా తెలిసింది అని అడిగితే, ‘వేడెక్కింది కదా సార్’ అన్నాడు. జ్వరం వచ్చిందనగానే పొట్ట కోస్తామనే వైద్యుణ్ణి మనం ఊరుకుంటామా? ఈ రోజుల్లో పరీక్ష చేసి కారణం పట్టే ఓపిక తగ్గిపోయింది. భాగం మార్చు, తగ్గకపోతే పక్క భాగం మార్చు, అంతే. మా నాన్నగారి కాలంలో జీపుల పని చేసే ముసలి మేస్త్రీలు స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించుకుని, మొనను ఇంజిన్‌కు తాకించి ఏ బేరింగ్ మూలుగుతోందో చెప్పేవారు. ఆ చెవులు ఇప్పుడు ఎక్కడున్నాయి?

నేను బండి వెనక్కి తెచ్చుకున్నాను. హెడ్ గాస్కెట్ అంటే ఇంజిన్ తలకూ మొండేనికీ మధ్య నీళ్లు, ఆయిల్ కలవకుండా మూసి ఉంచే పలుచని రేకు. అది పోతే గుర్తులు ఉంటాయి. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు రావాలి. రాలేదు. ఆయిల్ పుల్ల తీస్తే పాలు కలిసిన కాఫీ రంగు ఉండాలి. మామూలు నల్లటి ఆయిలే. పొగగొట్టం నుంచి ఆగని తెల్లటి ఆవిరి కూడా లేదు. ఇంజిన్ వేడెక్కాక ఆపేసి, ముందు వైపు నుంచి రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించి కొద్దికొద్దిగా జరుపుకుంటూ చూశాను. పైన చురుక్కుమంది. కింద ఎడమ వైపు జానెడు మేర గోరువెచ్చగా కూడా లేదు. అంటే అక్కడికి నీళ్లే వెళ్లడం లేదు. మీరు ఈ పరీక్ష చేసేటప్పుడు ఒక జాగ్రత్త: మీ బండికి కరెంటు ఫ్యాన్ ఉంటే ఇంజిన్ ఆపినా అది తిరగవచ్చు, దాని తీగ ఊడదీసి గాని చెయ్యి పెట్టకండి.

అయినా థర్మోస్టాట్ మీద అనుమానం తీర్చుకోవాలి కదా. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వదలకుండా ఆపే చిన్న తలుపు అది. విప్పి తీశాను. దాని మీద 82 అని చెక్కి ఉంది, అన్ని డిగ్రీల దగ్గర తెరుచుకోవాలని. బడి ప్రయోగశాల నుంచి ఉష్ణమాపకం తెచ్చి, పాలు కాచే గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీసి పొయ్యి మీద పెట్టాను. ‘ఆ గిన్నె మళ్లీ నా వంటింట్లోకి వచ్చిందంటే ఊరుకోను’ అని అమ్మ అంది గానీ, పక్కనే నిలబడి తనూ చూసింది. 70, 75, 80, ఏమీ లేదు. 83 దగ్గర ఇత్తడి పళ్లెం అంచున వెంట్రుక వాసి సందు కనిపించింది. తర్వాత కళ్లెదుటే మెల్లగా పైకి లేచి పూర్తిగా తెరుచుకుంది. లోపల ఉండే మైనం కరిగి వ్యాకోచించి ఆ పళ్లాన్ని నెడుతుంది. అన్నేళ్లు ఇంజిన్ పొట్టలో ఉండి కూడా అది తన పని తప్పలేదు. నాకు నిజంగా దణ్ణం పెట్టబుద్ధయింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన దగ్గర చాలామంది మెకానిక్‌లు ‘మన ఎండలకు ఇది ఎందుకు’ అని థర్మోస్టాట్‌ను పీకి అవతల పారేస్తారు. అది ఘోరమైన పని. ఇంజిన్‌కు తగిన వేడి అందక డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. మీ బండిలో అది ఉందో లేదో ముందు చూసుకోండి.

అసలు దొంగ రేడియేటర్ కింది కుళాయి తిప్పినప్పుడు దొరికాడు. ఇటుక పొడి కలిపినట్టు ఎర్రటి నీళ్లు, వాటితో పాటు గోరు ముక్కల్లాంటి తెల్లటి పెచ్చులు. బకెట్ అడుగు నుంచి అమ్మ ఒక పెచ్చు తీసి వేళ్ల మధ్య నలిపింది. ‘ఇది మన నీళ్ల కాగు అడుగున పట్టేదే కదరా’ అంది. అంతే, నాకు తల మీద మొట్టినట్టయింది. మార్కాపురం వైపు మా బోరు నీళ్లు ఎంత కఠిన జలమో మా కాగులను చూస్తేనే తెలుస్తుంది, ఫ్లోరైడ్ కూడా దానికి తోడు. కఠిన జలాన్ని వేడి చేస్తే కాల్షియం కార్బొనేట్ అడుగున పేరుకుంటుందని ఏటా పిల్లలకు బోర్డు మీద సమీకరణం రాసి మరీ చెబుతున్నాను. అదే నీళ్లను నాన్నగారు, ఆయన తర్వాత నేను, పద్నాలుగేళ్లు రేడియేటర్‌లో పోస్తూ వచ్చాం. ఆ సన్నని గొట్టాల్లో సున్నం పట్టక ఏమవుతుంది?

మందు కూడా అమ్మే చెప్పింది. ‘కాగుకు నేను నిమ్మ ఉప్పు వేస్తాను, దీనికీ అదే వెయ్యి’ అంది. కిరాణా కొట్లో పావు కిలో తెచ్చి, వేడినీళ్లలో కరిగించి పోసి, థర్మోస్టాట్ లేకుండానే మూత బిగించి ఇరవై నిమిషాలు ఇంజిన్ నడిపాను. పూర్తిగా చల్లారాక వదిలితే చింతపండు పులుసులా వచ్చింది. రెండోసారి టీ రంగు. మూడోసారి దాదాపు తేట. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగి, థర్మోస్టాట్‌ను కొత్త గాస్కెట్‌తో పెట్టి, ఇంజిన్‌ను చల్లబరచడానికి అమ్మే కూలెంట్ ద్రవం, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి నింపాను. రబ్బరు గట్టిపడిందని మూత కూడా మార్చాను. మొత్తం కలిపి 1,900 రూపాయలు, రెండు ఆదివారాలు. బాత్‌రూములు కడిగే యాసిడ్ మాత్రం ఎవరు చెప్పినా పోయకండి, అది అల్యూమినియంను తినేస్తుంది.

‘కూలెంట్ మంచు దేశాల వాళ్లకు, మనకెందుకు’ అనేవాళ్లు ఉంటారు. గడ్డకట్టకుండా ఆపడం దాని గుణాల్లో ఒకటి మాత్రమే. తుప్పు పట్టనివ్వకపోవడం, త్వరగా మరగనివ్వకపోవడం మనకు కావలసినవి. ఇంకొక సంగతి: తీసేసిన పాత కూలెంట్‌ను వీధి కాలువలో పోయకండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, ఆవులు నాకుతాయి. అది విషం. నేను డబ్బాలో పోసి మూత పెట్టి, పిల్లలకు అందనంత ఎత్తులో ఉంచుతాను.

మిగతా పనులకు మీకు గొప్ప సామాను అక్కర్లేదు. వానలకు ముందు డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లను కింది స్క్రూ వదులు చేసి తీసేయండి. బ్యాటరీ మొనల మీద తెల్లటి పొడి కనబడితే వంటసోడా నీళ్లతో కడిగి, ఆరాక వ్యాజిలిన్ రాయండి. ఇంజిన్ బలాన్ని వెనక ఇరుసుకు తీసుకెళ్లే కడ్డీ (ప్రొపెల్లర్ షాఫ్ట్) కీళ్లకు, అంటే క్రాసులకు, గ్రీజు గన్‌తో గ్రీజు కొట్టడం మరవకండి. పలకల గనుల దుమ్ము ఉన్న మా ఊళ్లో నేను ఎయిర్ ఫిల్టర్‌ను పుస్తకంలో చెప్పిన గడువులో సగానికే మార్చేస్తాను. బోల్టులు బిగించేటప్పుడు బలం చూపించకండి. అల్యూమినియం భాగాల్లో బోల్టు తెగి లోపలే ఉండిపోతే దాన్ని తీయడం నరకం, నేను అనుభవించాను. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ ఒక్కటి కొనుక్కోండి.

బ్రేకుల జోలికి మాత్రం నేను వెళ్లను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దానితో అది మరిగే వేడి తగ్గిపోతుంది, ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడుతుంది. అందుకని రెండేళ్లకోసారి తప్పకుండా మార్పిస్తాను, దగ్గర నిలబడి మార్పిస్తాను. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి తల పెట్టకండి. ఇటుకలు పేర్చి వాటి మీద ఆనించడం అంతకంటే ప్రమాదం, ఇటుక చెప్పకుండా పగులుతుంది. గట్టి స్టాండ్లు రెండు కొనండి, అప్పుడు కిందికి వెళ్లండి.

అమ్మడం సంగతి. పదిహేనేళ్లు దాటిన సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి, అయిదేళ్లకు ఇస్తారు. 600 ఉన్న రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. పాత బండి ఉంచుకున్నవాణ్ణి నేరస్థుడిలా చూస్తున్నారని నాకు బాధగా ఉంటుంది. పొగ పరీక్షలో నెగ్గి, బ్రేకులు సరిగ్గా పట్టే బండిని వయసు చూసి శిక్షించడం న్యాయం కాదు. మీ బండికి ఆ పని అయిందో లేదో రాయలేదు, కాకపోతే ముందు అది చూడండి.

పోయిన మే నెలలో మళ్లీ అదే ఘాట్, అదే బరువు, అదే ఎండ. ముల్లు సగం దగ్గర నిలబడిపోయింది. మునుపు ఆగిన మలుపు దగ్గర బావగారే ‘ఇక్కడేనా?’ అని అడిగారు. అమ్మ వెనక సీట్లోంచి ముందుకు వంగి ముల్లు చూసి, మళ్లీ వెనక్కి ఆనుకుంది.

రేపు పొద్దున స్టార్ట్ చేయకముందే, ఇంజిన్ చల్లగా ఉండగా, రేడియేటర్ మూత తీసి లోపల వేలు తిప్పి చూడండి. వేలికి ఏ రంగు అంటిందో, మీ ఊళ్లో ఏ నీళ్లో, రెండూ కింద రాయండి.